వెనకబడిన గొంతు

నేను చేసే ఉద్యోగం ఏమిటో తెలుసుకోవాలని మా అమ్మ ఎప్పుడూ అనుకోలేదు. ఎవరైనా అడిగితే "తీగలు కలుపుతుంది" అని ఊరుకునేది. విన్నవాళ్లు నేను నిచ్చెన వేసుకుని కరెంటు స్తంభాలెక్కుతానేమో అనుకునేవారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదనిపించింది.

మా దేశంలోని విశ్వవిద్యాలయాలనీ, పరిశోధనశాలలనీ, కళాశాలలనీ బయటి దేశాల్లోని అలాంటి సంస్థలతో కలిపే కేంద్రంలో నేను ఇంజనీర్ని. ఇంట్లో సినిమాలు చూసుకునే ఇంటర్నెట్ వేరు, మాది వేరు. ఆకాశాన్ని వినే పెద్ద యాంటెన్నాలు పోగుచేసిన సమాచారం మామూలు లైన్లో పంపితే వారాల తరబడి నడుస్తూనే ఉంటుంది. మా దారిలో అయితే ఆ శాస్త్రవేత్త టీ తాగి వచ్చేసరికి అవతలి దేశంలో ఆయన స్నేహితుడు దాన్ని తెరిచి చూస్తుంటాడు. ఇంత గొప్ప పనికీ బయట ఎక్కడా పేరు లేదు. దారి బాగున్నన్నాళ్లూ మేం ఉన్నామనే ఎవరికీ తెలియదు, తెగితే మాత్రం అందరికీ మా ఫోన్ నంబర్లు గుర్తొస్తాయి.

సముద్రానికి అవతలనున్న దేశానికి మాకు నేరుగా దారి ఉండేది కాదు. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకున్నట్టు, మేం పంపినది పై దేశాలన్నీ చుట్టి అక్కడికి చేరేది. ఏళ్ల తరబడి ఉత్తరాలూ ఒప్పందాలూ నడిచాక సముద్రం అడుగున కొత్త కేబుల్ వేయడం మొదలైంది. అందులో ఒక జత ఫైబర్ పూర్తిగా రెండు దేశాల విద్యాసంస్థలకే. ఫైబర్లో సమాచారం వెలుగుగానే ప్రయాణిస్తుంది, ఈ ఒడ్డున దాన్ని వెలిగించే పని నాది. ఆ ఒడ్డున ఒక పెద్దాయనది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, గొంతు విన్నానంతే. అవతలి గట్టు మనిషి కాబట్టి మా కంట్రోల్ రూములో అందరూ 'గట్టాయన' అనేవారు. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవాడు. తలుపుకి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి తాళం లాగి చూసే రకం. ప్రతి పనీ రెండుసార్లు చేస్తాడు. అలాంటివాళ్లంటే మా వృత్తిలో గౌరవం.

ఆ గట్టునే మా పిన్ని కూడా ఉండేది.

అమ్మ, పిన్ని ఒకప్పుడు జంటగా పాడేవారు. సభల్లో వాళ్లని పెద్దగొంతు, చిన్నగొంతు అనేవారు. పేరుకే పెద్దా చిన్నా తప్ప రెండూ ఒకటే గొంతు. పాఠం చెప్పే గురువుగారే కళ్లు మూసుకుంటే ఎవరు పాడుతున్నారో చెప్పలేకపోయేవారట. పాఠం నడిచేటప్పుడు మాట్లాడితే ఆయనకి కోపం. అందుకని అక్కాచెల్లెళ్లు వేలితో బల్ల మీద కొట్టుకునేవారు. ఒక దెబ్బ అవునని, రెండు దెబ్బలు కాదని. పెద్దయ్యాక కూడా వేదిక మీద పాట మొదలుపెట్టే ముందు అమ్మ ఒక దెబ్బ కొట్టేది, పిన్ని ఒక దెబ్బ తిరిగి కొట్టేది. సిద్ధమా, సిద్ధమే అన్నమాట.

అలాంటి జంట ఒక సభలో విడిపోయింది. అవతలి దేశపు సంగీత కళాశాలలో పిన్నికి ఉద్యోగం వచ్చింది. అక్కకి చెప్పడానికి భయపడి, సభ అయ్యాక చెబుదాంలే అనుకుంది. పరిచయం చేసే పెద్దమనిషి మైకులో ఆ సంగతి చెప్పి పిన్నిని అభినందించాడు. అమ్మ మొహంలో ఏమీ మారలేదట. పాట మొదలుపెట్టింది. సరిగ్గా మధ్యలో నోరు మూసేసుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని బొమ్మలా కూర్చుంది. పిన్ని ఒక్కతే చివరిదాకా పాడింది. జనం అదేదో కొత్త పద్ధతి అనుకుని చప్పట్లు కొట్టారట. ఆ రోజు తర్వాత వాళ్లిద్దరి మధ్య మాట లేదు. ఏళ్లు గడిచాయి. నాకు ఇద్దరి మీదా కోపం ఉండేది, ఇద్దరికీ మధ్యవర్తిని నేనే కాబట్టి. పిన్నితో నేను ఫోన్లో మాట్లాడుతుంటే అమ్మ పక్క గదిలో గిన్నెలు చప్పుడు చేసేది. నేను ఫోన్ పెట్టేశాక, "ఎవరే?" అని అడిగేది, ఏమీ ఎరగనట్టు.

పిన్ని గొంతులో పుండు లేచిందని, అది కాన్సరేనని, స్వరపేటిక మొత్తం తీసేస్తే తప్ప మనిషి దక్కదని బాబాయి ఫోన్ చేసిన సాయంత్రం అమ్మ వంటగదిలో కంచాలు కడుగుతోంది. చెప్పాను. చేతిలోని కంచాన్ని చాలాసేపు కడిగింది. కుళాయి కట్టేసి, నావైపు తిరగకుండానే అడిగింది.

"నీ తీగ ఎప్పటికి పూర్తవుతుందే?"

"ఏ తీగ?"

"అదే, సముద్రంలో వేస్తున్నారన్నావు కదా. దాంట్లోంచి పాడితే అక్కడివాళ్లతో కలిసి పాడొచ్చని ఆమధ్య చెప్పావు."

చెప్పిన మాట నిజమే. ఫోన్లో ఇద్దరు మాట్లాడుకోవచ్చు గానీ కలిసి పాడలేరు. గొంతు వెళ్లి రావడానికి పట్టే ఆ కాస్త ఆలస్యం మాటల్లో తెలియదు, పాటలో తాళాన్ని ముక్కలు చేస్తుంది. మా కొత్త దారి నేరుది, పొట్టిది. దాని మీద ఒక వెలుగు దారిని ప్రత్యేకంగా కేటాయించి, రెండు చివరలా శబ్దాన్ని పంపే పెట్టెలు తగిలిస్తే ఒకే గదిలో ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చుని పాడినట్టే ఉంటుంది. రెండు దేశాల సంగీత కళాశాలలు ఎప్పటినుంచో అడుగుతున్నాయి కూడా.

"అమ్మా, అది ఎప్పుడవుతుందో ఎవరికి తెలుసు? ఇప్పుడే ఫోన్ కలుపుతాను, మాట్లాడు."

"ఏం మాట్లాడను?" అంది అమ్మ. "మాట్లాడితే మళ్లీ దెబ్బలాడుకుంటాం. మాకు మాట్లాడుకోవడం చేతకాదే. పాడటమే వచ్చు. దాని గొంతు కోసేలోపు ఒక్కసారి పాడించు. నిన్ను ఇంకేమీ అడగను."

అమ్మ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఎప్పుడూ ఆజ్ఞాపించడమే.

పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికే గొంతు బొంగురుపోయింది.

"అక్క అడిగిందా? నువ్వు అడిగించావా?"

"తనే అడిగింది పిన్నీ. ఒట్టు."

"అయితే ఇవాళ్టినుంచి నేను ఎవరితోనూ మాట్లాడను. ఉన్న కాస్త గొంతూ దాచుకుంటాను. మీ బాబాయి సంబరపడిపోతాడు చూడు" అని నవ్వబోయి దగ్గింది. అన్నట్టే నోరు కట్టేసుకుంది. తర్వాత ఏం చెప్పాలన్నా పలక మీద రాసేదని బాబాయి చెప్పాడు.

ఇక నా తల ప్రాణం తోకకొచ్చింది. కేబుల్ ఓడ తుఫానుకి రేవు దాటలేదు. అది దాటాక అనుమతి కాగితం ఒకటి ఏదో కార్యాలయంలో సంతకం కోసం పడుకుంది. మా డైరెక్టర్‌ని చెవిలో జోరీగలా పోరాను. "యాంటెన్నాలవాళ్లే అంత తొందరపడటం లేదు, నీకేంటమ్మా?" అని ఆయన విసుక్కున్నాడు. కారణం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, దారి వెలిగిన వెంటనే మొదటి పరీక్ష సంగీతంతోనే చేసుకొమ్మన్నాడు. గట్టాయన కూడా కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగాడు. "మీ పిన్నిగారు పాడాల్సిందే చెల్లెమ్మా, పూచీ నాది" అన్నాడు. చివరికి వెలుగు ఈ గట్టునుంచి ఆ గట్టుకి చేరేసరికి ఆపరేషన్ మర్నాటికి వచ్చింది. పిన్ని ఆ మధ్యాహ్నం గట్టాయన కేంద్రంలో పాడి, సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి.

కొత్త దారిని పరీక్షించడానికి మాకొక పద్ధతి ఉంది. అవతలి చివర, లోపలికొచ్చే దారినీ బయటికి పోయే దారినీ ఒకదానికొకటి కలిపేస్తారు. మేం పంపిందంతా అక్కడ వెనక్కి తిరిగి మాకే వస్తుంది. పంపినదీ తిరిగొచ్చినదీ ఒక్కలా ఉంటే దారి మంచిదన్నట్టు. దాన్ని లూపు అంటాం. పరీక్ష అయ్యాక లూపు తీసెయ్యాలి. తీయకపోతే మన మాట మనకే వినిపిస్తుంది, అవతలి గదిలో ఉన్నవాళ్లకి ఏమీ వినిపించదు. అయినా రెండు పక్కలా దీపాలు పచ్చగానే వెలుగుతుంటాయి. వెలుగు వస్తోందా లేదా అన్నదే ఆ దీపాలకి తెలుసు గానీ, ఎవరిదో తెలియదు.

ఆ పొద్దున గట్టాయన లూపు పెట్టాడు. దారి చక్కగా ఉంది. "తీసెయ్యండి అన్నయ్యా" అన్నాను. "తీసేశానమ్మా" అన్నాడు. నిజంగానే తీసేశాడు. నా తెర మీద చూశాను, తిరిగొచ్చేది ఆగిపోయింది.

మా కేంద్రంలో పాత సామాన్లగదికి గోడలకి స్పాంజి అంటించి పాటగది చేశాం. జిగురు వాసన ఇంకా పోలేదు. మధ్యలో చేతులు లేని చెక్క కుర్చీ, ఎదురుగా మైకు, చిన్న బల్ల, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్లు. అద్దం అవతల నేను, సంగీత కళాశాల నుంచి వచ్చిన సౌండతను. ఫోన్లు మైకులో గుయ్యిమంటాయని అతను ముందే ఆపించి బయట సొరుగులో పెట్టించాడు. బొమ్మ కూడా పంపాలా అని అంతకుముందే అడిగితే అమ్మ వద్దంది. మొహాలు చూసుకుంటే పాట రాదంది. మాటలు కూడా వద్దంది. పాడటం, లేవటం, అంతే. పిన్ని కూడా దానికే ఒప్పుకుంది.

అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, సభకి వచ్చినట్టు వచ్చింది. కూర్చుని, చెవులకి తగిలించుకుని, కళ్లు మూసుకుంది. బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టింది.

ఒక్క దెబ్బ తిరిగి వచ్చింది.

అమ్మ మూసుకున్న కళ్లలోంచి నీళ్లు జారాయి. తుడుచుకోలేదు. పాట ఎత్తుకుంది. ఏ పాటో నాకు చెప్పక్కర్లేదు. గురువుగారు వాళ్లిద్దరి కోసమే కట్టినది, ఆ సభలో సగంలో ఆగిపోయినది. పక్కనే మరో గొంతు అందుకుంది. అదే గొంతు, అదే జీర, అదే మెలిక. వెంట్రుకవాసి వెనకగా వస్తోంది, అంతే. నాకు సంగీతం రాదు, వాళ్లింట్లో పుట్టి కూడా చెవి అబ్బలేదు. అయినా వెక్కివెక్కి ఏడ్చాను. సౌండతను నా చేతిలో చేతిరుమాలు పెట్టాడు.

చరణంలో ఒక పంక్తి ఎప్పుడూ పిన్ని ఒక్కతే పాడేది. అక్కడికి రాగానే అమ్మ ఆగింది. అవతల కూడా ఆగింది. నిశ్శబ్దం. అమ్మ తల కాస్త వంచి, పసిపిల్ల అడుగు వేస్తుందేమోనని చూసినట్టు ఎదురుచూసింది. పిన్నికి ఊపిరి అందడం లేదనుకున్నాం నేనూ, అమ్మా కూడా. అప్పుడు అమ్మ తనే నెమ్మదిగా ఆ పంక్తి అందించింది. వెంటనే ఆ గొంతు కలిసింది. అమ్మ నవ్వింది. అమ్మ అలా నవ్వడం నా ఊహ తెలిశాక చూడలేదు.

పాట అయిపోయింది. అమ్మ ఒక్క క్షణం ఆగి, ఏదో అనబోయి, పెదవి కొరుక్కుని చెవులవి తీసి బల్ల మీద పెట్టేసింది. ఏడుపు అవతలికి వినిపించకూడదని పరుగులాంటి నడకతో బయటికొచ్చేసింది.

"కాస్త వెనకబడింది" అంది కారులో ఎక్కిస్తుంటే. "ఎప్పుడూ వెనకబడేది కాదు. ఒంట్లో బాలేదు కదే పాపం. కానీ చూశావా, ఒక్క స్వరం తప్పలేదు. నేను ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడే తీసుకుంది."

అమ్మని పంపించి వచ్చి సొరుగులోంచి ఫోన్ తీశాను. గట్టాయన దగ్గర్నుంచి ఒక సందేశం ఉంది. 'చెల్లెమ్మా, ఏమనుకోకు, అడగకుండా ఉండలేకపోతున్నాను. మీ అమ్మగారు ఎందుకు పాడలేదు?'

దాన్ని చదివి, మళ్లీ చదివాను. తెర ముందుకి పరుగెత్తి ఆలస్యం ఎంతో చూశాను. ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. వెళ్లి, తిరిగొచ్చినంత. అమ్మకి ఎదురొచ్చిన దెబ్బ అమ్మదే. అమ్మతో కలిసిన గొంతు అమ్మదే.

గట్టాయనకి ఫోన్ చేసి ఏం అరిచానో నాకు గుర్తులేదు. ఆయన పెట్టె తెరిచి చూసి, జరిగింది చెప్పాడు. పొద్దున లూపు తీసేశాక, ఎందుకైనా మంచిదని, పిన్ని పాడేముందు అన్నీ సరిగ్గా ఉండాలని, పెట్టెని ఒకసారి ఆపి మళ్లీ వేశాడు. ఆ పెట్టె చివరిసారి దాచుకున్న అమరికతో లేచింది. చివరిసారి దాచుకున్నది పరీక్షప్పటి అమరిక. లూపు మళ్లీ పడింది. దీపాలు పచ్చగా ఉన్నాయి కాబట్టి ఇటూ ఎవరూ చూడలేదు, అటూ ఎవరూ చూడలేదు.

"మరి నిశ్శబ్దంగా ఉంటే నాకు చెప్పొద్దా? కంట్రోల్ రూముకైనా చెయ్యొద్దా అన్నయ్యా?"

"చేద్దామన్నాను చెల్లెమ్మా" అన్నాడాయన. "మీ పిన్నిగారు ఒక దెబ్బ కొట్టారు. ఏమీ రాలేదు. పాడటం మొదలుపెట్టారు. అప్పటికీ ఏమీ రాకపోతే, మధ్యలో ఆపి, లైను బాగుందా అని పలక మీద రాసి చూపించారు. నేను దీపాలు చూసి, భేషుగ్గా ఉందమ్మా అన్నాను. నా నోటితో నేనే అన్నాను. అప్పుడావిడ తల ఊపారు. ఫోన్ చేస్తానంటే చెయ్యి అడ్డం పెట్టారు. పాట చివరిదాకా పాడి లేచి, పలక తుడిచి, ఇంకో మాట రాశారు."

"ఏం రాసింది?"

"'అక్క ఉంది. నాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చుంది' అని."

వారాల తరబడి ఒక్క మాట మాట్లాడకుండా దాచుకున్న గొంతు. అంతా ఖర్చుపెట్టి ఖాళీ గదికి పాడింది. లైను బాగుంటే అక్క మౌనానికి ఒకటే అర్థం. ఆ మౌనం పిన్నికి పాత పరిచయమే.

బాబాయికి ఫోన్ చేశాను. అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు. జరిగింది గబగబా చెప్పాను. దారి ఇప్పుడు బాగైంది, పిన్నిని ఒక్కసారి తీసుకురండి, ఒక్క పల్లవి చాలు అని బతిమాలాను.

"ఎలా తేను తల్లీ?" అన్నాడు బాబాయి. "ఆ పాట పాడి వచ్చాక ఊపిరాడక ఒకటే ఆయాసం. ఆక్సిజన్ పెట్టారు. నిద్రమందు ఇచ్చారు. పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారు."

"పోనీ చెప్పండి. అమ్మ పాడిందని చెవిలో ఒక్కమాట చెప్పండి."

"చెబితే ఉంటుందా? ఆ గొట్టాలన్నీ పీకేసుకుని లేచి వచ్చేస్తుంది. నీకు తెలియదా మీ పిన్ని? బతకనీ ముందు." ఆయన ఏడుస్తున్నాడు. "తర్వాత చెబుతాను తల్లీ. తర్వాత."

అక్క మళ్లీ నోరు మూసుకుందనే నమ్మకంతోనే మా పిన్ని గొంతు కోయించుకోవడానికి వెళ్లింది. దీన్ని నేను ఎన్నిరకాలుగా తిప్పి చెప్పుకున్నా ఇంకోలా మారదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ కూనిరాగం తీస్తూ వంట చేస్తోంది. నాకు వడ్డించి ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు వాళ్లిద్దరూ ఒకే దుప్పటిలో పడుకుని పాఠం వల్లించిన కబుర్లు, పిన్ని గురువుగారి చెప్పులు దాచిన కబుర్లు, నేనెప్పుడూ విననివి, ఒకదాని మీద ఒకటి చెప్పింది. "దానికి పగ లేదే" అంది. "నేనే అయితే ఇవాళ పాడేదాన్ని కాదు. నువ్వు సభలో నన్ను ఒంటరిదాన్ని చేశావు కదా, ఇప్పుడు చూడు అని కక్ష తీర్చుకునేదాన్ని. అది పాడింది." నేను కంచం ముందు తలవంచుకుని కూర్చున్నాను. చెప్పాలి, చెప్పాలి అని నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను? ఉద్యోగంలో ఎంతటివాళ్లతోనైనా మొహమ్మీదే మాట్లాడతానని నాకు పేరు. ఆ పేరు ఆ పూట ఎందుకూ పనికిరాలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పిన్ని బతికింది. మెడలో చిన్న రంధ్రం, దాంట్లోంచి ఊపిరి. గొంతు లేదు.

ఆ రోజు సౌండతను అమ్మ మైకులోకి వచ్చిన పాటని విడిగా రికార్డు చేశాడు. అందులో అమ్మ గొంతు ఒక్కటే ఉంది. పిన్ని కాస్త కోలుకున్నాక దాన్ని పంపించాను, జరిగిందంతా నా గొంతుతో చెప్పి రికార్డు చేసిన మాటలతో సహా. పిన్ని పాడింది మాత్రం ఎక్కడా లేదు. అవతల రికార్డు చేసుకునే ఏర్పాటే లేదు. ఆమె ఆఖరి పాట విన్నది గట్టాయన ఒక్కడే.

రెండు పూటలు గడిచాక బాబాయి ఫోన్ చేశాడు.

"వింటోందమ్మా. వదలకుండా వింటోంది. చరణంలో మీ అమ్మ ఆగుతుంది చూడు, తన పంక్తి దగ్గర, అంతసేపు ఆగి ఎదురుచూస్తుంది చూడు, ఆ చోటే మళ్లీ మళ్లీ పెట్టించుకుంటోంది."

"అమ్మకి ఇంకా చెప్పలేదు బాబాయీ. ఇవాళ చెబుతాను."

"ఆగు" అన్నాడు. పలక మీద సుద్ద గీసిన చప్పుడు వినిపించింది. బాబాయి చదివాడు. "'అక్కకి చెప్పకు. నేను పాడాననే అనుకోనీ.'"

"అది అబద్ధం కదా పిన్నీ" అన్నాను, ఆమెకి వినపడేంత గట్టిగా. మళ్లీ సుద్ద చప్పుడు.

"'పాడాను కదా. అక్కకి వినపడలేదు, అంతే' అంటోందమ్మా."

ఫోన్ పట్టుకుని అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను.

కొన్నాళ్లకి అమ్మే అడిగింది, మళ్లీ ఆ గదికి తీసుకెళ్లమని. "దానికి గొంతు లేకపోతేనేం, చెవులున్నాయి కదా. నేను పాడతాను, వింటుంది" అంది. ఆ మధ్యాహ్నం నేను లూపు ఉందో లేదో చూసి, గట్టాయనని చూడమని, మళ్లీ నేను చూశాను. ఆయన ఈసారి ఏ పెట్టెనీ ముట్టుకోలేదు. ముట్టుకోమన్నా ముట్టుకునేవాడు కాదు. యాంటెన్నాలవాళ్లు అప్పటికే ఆ కేబుల్ని నింపేశారు. రాత్రింబగళ్లు ఏ నక్షత్రాల సమాచారమో దాంట్లో పోతూనే ఉంది. దానికి పక్కగా మా సన్నని దారి ఒకటి.

అమ్మ చెవులకి తగిలించుకుని బల్ల మీద ఒక దెబ్బ కొట్టింది. ఒక దెబ్బ తిరిగి వచ్చింది. ఆలస్యం సరిగ్గా ఉండాల్సినంతే ఉంది. నేను తెరని చూడటం ఆపి అమ్మని చూశాను.

అమ్మ పాడలేదు. మైకు దగ్గరికి వంగింది. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి చెల్లెలితో మాట్లాడింది.

"ఏమే, వింటున్నావా? ఆ సభలో నేను చేసింది తప్పే. చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొన్న నువ్వు అంత బాధలోనూ నాతో పాడావు. నన్ను వదిలెయ్యలేదు. నీ పంక్తి దగ్గర ఊపిరి చాలక ఆగావు, నేను అందుకున్నాను, తప్పనుకోకు." మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "పాడావు కదే? నిజంగా నువ్వే కదా?"

సౌండతను నావైపు చూశాడు. నేను అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. అవతల నుంచి ఏమీ రాలేదు. పిన్ని ఊపిరి మాత్రం సన్నగా, ఈల వేసినట్టు వినిపిస్తోంది.

ఆ తర్వాత బల్ల మీద ఒక్క దెబ్బ.

"నాకు తెలుసు" అంది అమ్మ. కళ్లు తుడుచుకుంది. "ఇంకా కోపం ఉందా నా మీద?"

రెండు దెబ్బలు, గబగబా, ఆలోచించకుండా.

అమ్మ నిటారుగా కూర్చుని గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. అవతల వేలు తాళం వేయడం మొదలుపెట్టింది. చరణంలో పిన్ని పంక్తి దగ్గర అమ్మ ఆగింది. ఈసారి అమ్మ అందించలేదు. ఆ పంక్తి పొడవునా తాళం ఒక్కటే నడిచింది, మాట లేకుండా, రాగం లేకుండా. అది పూర్తయ్యాకే అమ్మ తర్వాతి పంక్తి ఎత్తుకుంది.

పాట అయిపోయాక అమ్మ అద్దంలోంచి నావైపు చూసి మెరిసే కళ్లతో అంది.

"విన్నావటే? ఇవాళ వెనకబడలేదు."